అలాయ్ వీల్స్ సంగతి బీమా కంపెనీకి ఎందుకు చెప్పాలి

“అవన్నీ రాయక్కర్లేదు సార్. రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకపోతే అడిగేవాడు లేడు.” కారు బీమా రెన్యువల్ సమయంలో ఏజెంటు నోట ఈ మాట వినని వాళ్లు మన ఊళ్లలో తక్కువే. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ప్రీమియం కాస్త పెరుగుతుంది. రెన్యువల్ రోజున అడిగేవాడు నిజంగానే ఉండడు. గడువు దాటకుండా డబ్బు కట్టేస్తే బండి చూడటానికి కూడా ఎవరూ రారు. అయినా ఆ సలహా వినకూడదని నా గట్టి అభిప్రాయం. మనం చేయించిన మార్పు ఎంత చిన్నదైనా సరే, అది బండి నడిచే తీరునో, ఆగే తీరునో, వైరింగునో, బరువునో తాకేదైతే బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి తీరాలి. చెప్పడానికి మనసొప్పని మార్పు ఏదైనా బండిలో ఉందంటే దాన్ని పీకించేయడమే మంచిది.

ఈ మధ్య మా బాబాయి కొడుకు ఇదే సందేహంతో ఫోన్ చేశాడు. గుంటూరులో ఉంటాడు, కింది వేరియంట్ స్విఫ్ట్ కొన్నాడు. కంపెనీ ఇవ్వనివన్నీ విజయవాడ ఆటోనగర్‌లో పెట్టించుకున్నాడు. పద్నాలుగు అంగుళాల స్టీలు చక్రాలు తీసేసి పదిహేను అంగుళాల అలాయ్స్, టచ్ స్క్రీన్ స్టీరియో, రివర్స్ కెమెరా, ఫాగ్ ల్యాంపులు, హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బులు. రెన్యువల్ లింకు తెరిస్తే ఒకచోట మూడు గళ్లు కనిపించాయట: ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ విలువ, నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ విలువ, సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్ విలువ. మూడింట్లోనూ ముందే సున్నా ఉంది.

“అన్నయ్యా, ఆ సున్నా నేను వేసింది కాదు కదా. అలాగే వదిలేస్తే అబద్ధం చెప్పినట్టు అవుతుందా?”

అవుతుంది. ఎందుకంటే ఆ పేజీ చివర ‘పైన ఇచ్చిన వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అనే వాక్యం పక్కన టిక్ పెట్టేది మనమే. టిక్ పెట్టకపోతే డబ్బు కట్టే పేజీకి వెళ్లనివ్వదు. సున్నా ఎవరు వేసినా, దాన్ని ఒప్పుకున్నది మనం. రేపు పేచీ వస్తే కంపెనీ బయటికి తీసేది ఆ కాగితాన్నే.

ఇక్కడ జనం రెండు వేరు వేరు విషయాలను కలిపేసుకుంటారు. నేను విన్న వాదనల్లో సగం అందువల్లే దారి తప్పుతాయి. పెట్టించిన వస్తువు పోతే దాని డబ్బు మనకు రావాలా అనేది ఒకటి. ఆ వస్తువు వల్ల బండి ప్రమాదానికి గురయ్యే అవకాశం మారిందా అనేది ఇంకొకటి. మొదటిది మన జేబు సంగతి. రెండోది కంపెనీ దేనికి పూచీ పడుతోందో దానికి సంబంధించినది.

జేబు సంగతి తేలిక. పాలసీలో బండికి కట్టే విలువను ఐడీవీ అంటారు. కంపెనీ ప్రకటించిన అమ్మకం ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీసేసి దాన్ని లెక్కిస్తారు. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపైతే 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు. మనం బయట కొన్న స్టీరియో ఆ అమ్మకం ధరలో ఉండదు కాబట్టి ఐడీవీలోనూ ఉండదు. దానికి బీమా కావాలంటే విలువ విడిగా చెప్పాలి. బండ్ల బీమా రేట్లు, షరతులు ఖరారు చేసిన 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో దీనికి ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు కాగితం) ఉంది. ఎలక్ట్రికల్ వస్తువుల విలువ మీద ఏడాదికి 4 శాతం ప్రీమియం. 2007లో టారిఫ్ రేట్లు ఎత్తేశాక ఎవరి రేటు వాళ్లు పెట్టుకునే స్వేచ్ఛ కంపెనీలకు వచ్చింది గానీ, లెక్క ఇప్పటికీ చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తోంది. పాతిక వేల స్టీరియోకి వెయ్యి రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,180. ఆ డబ్బు దండగ అనుకుంటే కట్టొద్దు. స్టీరియో పోతే కొత్తది మనమే కొనుక్కుంటాం. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, స్టీరింగ్ కవరు గురించి బీమా కంపెనీకి ఉత్తరాలు రాయమని నేను ఎవరికీ చెప్పను.

“నష్టమంటే ఆ స్టీరియో డబ్బే కదా” అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్టీరియో వరకు అది నిజమే. దాన్ని బండి మొత్తానికి చుట్టబెట్టడంలోనే చిక్కంతా ఉంది.

హెడ్‌లైటునే తీసుకోండి. హాలోజన్ లైట్లున్న మన కార్లలో ఎక్కువగా కనిపించే బల్బు హెచ్4 రకం. కింది వెలుగుకి 55 వాట్లు, పై వెలుగుకి 60 వాట్లు. హైవే మీద రాత్రిపూట చూపు ఆనడం లేదని 100/90 వాట్ల బల్బు వేయించుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూడ్డానికి అదే సైజు, అదే సాకెట్లో కూర్చుంటుంది. కానీ పన్నెండు వోల్టుల మీద 60 వాట్ల బల్బు లాగేది ఐదు ఆంపియర్లు, 100 వాట్లది ఎనిమిది పైన. రెండు లైట్లకీ కలిపితే పది ఆంపియర్లు పోయే తీగలో పదహారు దాటి పోతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా లావు వైరు లాగితే ఫర్వాలేదు. రిలే లేకుండా బల్బు మార్చేస్తే హోల్డరు, కప్లరు (వైర్లను కలిపే ప్లగ్గు), తీగ మీది తొడుగు మెల్లగా వేడెక్కి మెత్తబడతాయి. రెండేళ్ల తర్వాత ఏ మే నెలలోనో అద్దంకి రోడ్డు మీద బానెట్ కింద నుంచి పొగ వస్తే, బల్బు మార్పించిన సంగతి మనకు గుర్తు కూడా ఉండకపోవచ్చు. నష్టం లెక్క కట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు మాత్రం కాలిన తీగ ఎక్కడ మొదలైందో చూస్తాడు.

మా వాడు వేయించిన ఎల్ఈడీ బల్బుల కథ వేరు. అవి కరెంటు తక్కువే లాగుతాయి, తీగ వేడెక్కే భయం లేదు. కానీ హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఎక్కడుంటుందో దాన్ని బట్టి చేసిన రిఫ్లెక్టర్లో ఎల్ఈడీ పెడితే వెలుగు పడాల్సిన హద్దు దాటి చెదిరిపోతుంది. ఎదురుగా వచ్చేవాడి కళ్లు మూసుకుపోతాయి. నష్టం మన బండికి కాదు, అవతలి మనిషికి. ఫాగ్ ల్యాంపులూ, కెమెరాలూ కూడా అంతే, ఎలా కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. కప్లర్ టు కప్లర్ పెట్టేవి ఉంటాయి, కంపెనీ వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టేవి ఉంటాయి. వస్తువు ఒకటే, రిస్కు ఒకటి కాదు.

మన దగ్గర వాడే మామూలు ప్యాకేజీ పాలసీలో (మన బండి నష్టానికీ, అవతలివాళ్ల నష్టానికీ కలిపి ఇచ్చేది) అగ్ని ప్రమాదం, పేలుడు, దానంతట అదే అంటుకోవడం, పిడుగు కవర్ అవుతాయి. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల కవర్ కావు. కాలిన బండిని చూసి “ఇది బయట పెట్టించిన వైరింగు వల్ల” అని కంపెనీ అన్నదనుకోండి. ఆ వైరింగు సంగతి ముందే చెప్పి ఉంటే వాదన ఒకటే మిగులుతుంది: మంట నిజంగా అక్కడే పుట్టిందా? అది నిరూపించుకోవాల్సింది కంపెనీ. చెప్పకపోతే రెండో వాదన వచ్చి ముందు నిలబడుతుంది: “మీరు మా దగ్గర దాచారు.” అప్పుడు మంట ఎక్కడ పుట్టిందనే ప్రశ్న వెనక్కి పోతుంది, మన నిజాయితీ మీద చర్చ మొదలవుతుంది. నేను చెప్పమనేది ఈ రెండో వాదనకు చోటు లేకుండా చేయడం కోసమే. ఒక మెయిల్‌తో అయ్యే పని.

అలాగని ఇంకో వైపు భయపెట్టే వాళ్లతోనూ నేను ఏకీభవించను. “బల్బు మార్చారా, ఇక క్లెయిమ్ మొత్తం గోవిందా” అంటారు. మన చట్టం అంత కఠినంగా లేదు. థర్డ్ పార్టీ కేసుల్లో, అంటే మన బండి వల్ల నష్టపోయిన అవతలివాళ్ల కేసుల్లో, 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: పాలసీ షరతు ఏదో ఉల్లంఘించారని చూపిస్తే సరిపోదు, ఆ ఉల్లంఘన ప్రమాదానికి కారణమయ్యేంత మౌలికమైనదని చూపించాలి. ఆ కేసు డ్రైవింగ్ లైసెన్సు గురించి, కానీ తర్కం చాలా దూరం వచ్చింది. 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో ప్రైవేటు బండిని అద్దెకు తిప్పారని కంపెనీ డబ్బు ఇవ్వనంది. పోయింది దొంగతనంలో. అద్దెకు తిప్పడానికీ ఈ దొంగతనానికీ లంకె పెట్టి మొత్తం ఎగ్గొట్టడం కుదరదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు తప్పినందుకు కొంత కోసేసి, 75 శాతం ఇవ్వాలన్న ఆదేశాన్ని కోర్టు నిలబెట్టింది. 2010లో అమలేందు సాహు కేసులోనూ అదే బాట. కాబట్టి వెనక నుంచి లారీ గుద్దితే, ముందున్న ఎల్ఈడీ బల్బు చూపించి క్లెయిమ్ కొట్టేయడం చట్టం ముందు నిలిచే మాట కాదు.

మరి భయమెందుకు అంటే, ఈ చివరి రెండు తీర్పులు వచ్చిన దారి చూడండి. జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్, సుప్రీంకోర్టు. న్యాయం మన వైపే ఉండొచ్చు, బండి మాత్రం షెడ్డులో ఉంటుంది, బ్యాంకు వాయిదా నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది. పైగా ఆఖరికి చేతికొచ్చేది 75 శాతం. ఆ మిగతా 25 శాతాన్ని ఒక మెయిల్ రాసే శ్రమతో పోల్చి చూసుకోమనండి.

ఈ ‘అన్నీ చెప్పాలి’ అనే సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. బీమా న్యాయవాదులు మూలస్తంభంగా చెప్పుకునే తీర్పు 1766లో ఇంగ్లండులో వచ్చింది. కార్టర్ వర్సెస్ బోమ్. కార్టర్ అనే ఆయన సుమత్రా దీవిలో బెంకూలెన్ దగ్గర ఈస్టిండియా కంపెనీ కోట, ఫోర్ట్ మార్ల్‌బరోకి గవర్నరు. శత్రుదేశం వాళ్లు కోటను పట్టుకుంటే నష్టపరిహారం ఇచ్చేలా లండన్‌లో బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు వచ్చి పట్టుకున్నారు. కోట ఎంత బలహీనంగా ఉందో, ఫ్రెంచి దాడికి ఎంత అవకాశముందో మాకు చెప్పలేదంటూ బీమా ఇచ్చినాయన డబ్బు ఎగవేయబోయాడు. న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్. రిస్కు గురించిన ప్రత్యేక విషయాలు బీమా చేయించుకునేవాడికే తెలుస్తాయి గనుక అవి దాచకూడదు అని ఆయన అన్నాడు. అందరికీ గుర్తుండిపోయింది ఈ మాటే. కానీ కేసు గెలిచింది కార్టరు. ఎందుకంటే ఆ కోట ఎలాంటిదో, యుద్ధం ఎలా ఉందో బీమా ఇచ్చేవాడికీ తెలుసు, తెలియకపోతే అడిగి తెలుసుకోవచ్చు, ఏమీ అడగకుండా ప్రీమియం పుచ్చుకుని తర్వాత ‘నాకు చెప్పలేదు’ అనడం చెల్లదన్నాడు ఆ జడ్జి. అంటే నిజాయితీ బాధ్యత రెండు వైపులా ఉంది. మన కంపెనీలు సగం తీర్పునే గుర్తుపెట్టుకున్నాయనిపిస్తుంది.

మూడు గళ్లు ఇచ్చి, వాటిలో ముందే సున్నాలు నింపి పెట్టడం అడిగినట్టు ఎలా అవుతుంది? ఆ గళ్లు అడిగేది రూపాయల్లో విలువ. బల్బు మార్చారా, టైరు సైజు మారిందా, సస్పెన్షన్ స్ప్రింగులు మార్చారా అని అడగదు. నాలుగు వందల బల్బు విలువ ఆ గడిలో వేసినా వాళ్లకు తెలిసేది నాలుగు వందలనే, బల్బని కాదు. బ్రిటన్‌లో ఉండే నా స్నేహితుడొకడు అక్కడ కారు బీమా తీసుకునేటప్పుడు మార్పుల గురించి సూటిగా అడుగుతారని, అలాయ్స్ నుంచి టో బార్ (వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) దాకా జాబితాలోంచి ఎంచుకోవాలని చెప్పాడు. అక్కడ 2012లో చేసిన వినియోగదారుల బీమా చట్టం ప్రకారం మామూలు మనిషి అన్నీ తనంతట తాను వెతికి చెప్పనక్కర్లేదు. అడిగిన ప్రశ్నలకు జాగ్రత్తగా, నిజంగా జవాబివ్వాలి. అజాగ్రత్త వల్ల తప్పు జవాబు ఇచ్చి ప్రీమియం తక్కువ కట్టి ఉంటే, కట్టాల్సినదాంట్లో ఎంత వంతు కట్టాడో క్లెయిమ్‌లో అంత వంతు వస్తుంది. కావాలని అబద్ధమాడితే మాత్రం ఏమీ రాకపోవచ్చు. ఇది న్యాయమైన పద్ధతి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. రెన్యువల్ ఫారంలో సున్నాలు ముందే నింపకూడదని, మార్పుల గురించి సూటి ప్రశ్నలు ఉండాలని అది ఒక్క ఆదేశం ఇస్తే ఈ గొడవలో చాలా భాగం తీరిపోతుంది. అది వచ్చేదాకా మన జాగ్రత్త మనం పడాల్సిందే.

ఇక చట్టం ఒప్పుకోని మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ పొంతన లేకుండా పోయేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా అక్కడే చెప్పారు: బండి నిర్మాణంలో, దాని మౌలిక లక్షణం మారేలా చేసేది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద ఒక్కో అక్రమ మార్పుకీ యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆ తీర్పు వచ్చినప్పుడు స్టిక్కరు అంటించినా నేరమే అన్నట్టు ప్రచారం జరిగింది, అది అతి. స్టీరియో వల్ల బండి మౌలిక లక్షణం మారదు.

కానీ ముందు బంపర్‌కి బిగించే ఇనప గార్డు సంగతి వేరు. మన పల్లెటూరి రోడ్ల మీద గేదెలు అడ్డొస్తాయని, సిటీలో ఆటోలు గీసుకుపోతాయని పెట్టించుకుంటారు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వీటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. దెబ్బ తగిలినప్పుడు నలగడానికే బండి ముందు భాగాన్ని తయారు చేస్తారు. గార్డు పెడితే ఆ దెబ్బ తిన్నగా ఛాసిస్‌కి వెళుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల లెక్క తప్పొచ్చు. దాని కింద పడిన మనిషికి ప్లాస్టిక్ బంపర్ తగలడం వేరు, ఇనుము తగలడం వేరు. నల్ల ఫిలిం మీద 2012 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. ముందు వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును వదలాలని నిబంధన. ఇవి బీమా కంపెనీకి చెప్పాలా వద్దా అని నన్నడిగితే, ముందు తీయించండి అంటాను. చెబితే చట్టబద్ధం అయిపోవు.

ఇక్కడ నాకు బండి కంటే ఎక్కువ బాధ కలిగించేది అవతలి మనిషి సంగతి. థర్డ్ పార్టీ బీమా ఉన్నది మన బండి దెబ్బకు గురైనవాడి కోసం. కోర్టులు సాధారణంగా ముందు కంపెనీ చేత బాధితుడికి ఇప్పించి, షరతు తప్పిన యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. అంటే మనం దాచిన మార్పు ఆ ప్రమాదానికి కారణమని తేలితే, ఇంటి మీదికి వచ్చే బాకీ స్టీరియో ధరంత ఉండదు. ఒక మనిషి ప్రాణానికో, పోయిన కాలికో ట్రిబ్యునల్ కట్టిన లెక్కంత ఉంటుంది. ఏజెంటు “అడిగేవాడు లేడు” అన్నప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

గ్యాస్ కిట్‌ను కూడా చాలామంది చిన్న మార్పుల్లో వేస్తారు. విజయవాడలో, హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ బంకులు వచ్చాక పెట్రోలు బండ్లకు కిట్లు బిగించుకునే వాళ్లు పెరిగారు. ఇది చిన్నది కాదు. ఆమోదం ఉన్న కిట్ కావాలి, ఆర్‌సీలో ఇంధనం మార్పించాలి, సీఎన్‌జీ సిలిండరుకి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి, పాలసీలో ఐఎంటీ 25 చేర్పించాలి. కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీ వైపు అరవై రూపాయలు. ఆ కాస్త ప్రీమియానికి వెనకాడి గ్యాస్ సిలిండరు ఉన్న బండిని పెట్రోలు బండిగా చూపించేవాళ్లను నేను ఎరుగుదును. డిక్కీలో అంత సిలిండరు ఉంటే ఏ సర్వేయరు కళ్లబడదు?

మా వాడి స్విఫ్ట్‌కి వద్దాం. అలాయ్స్ గురించి వాడు ఎక్కువ భయపడ్డాడు, నిజానికి అక్కడ భయం తక్కువ. కింది వేరియంట్ టైరు 165/80 ఆర్14, పై వేరియంట్లలో కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది. రెండింటి మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లు. స్పీడోమీటరు తప్పు చూపించదు, చక్రం ఎక్కడా రాసుకోదు. ఇలాంటి మార్పు గురించి ధైర్యంగా, సైజులతో సహా రాయొచ్చు. అదే పదిహేడు అంగుళాలకు పోయి, మడ్‌గార్డు బయటికి తొంగిచూసే వెడల్పు టైర్లు వేయించి ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. పాలసీ నంబరు, బండి నంబరు, ఏ వస్తువు, ఏ నెలలో, ఎక్కడ, ఎంతకు పెట్టించాడు, పాత సైజు, కొత్త సైజు, నాలుగు ఫొటోలు, బిల్లులు. బిల్లుల దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఆటోనగర్‌లో చాలా షాపులు కచ్చా బిల్లు ఇస్తాయి, జీఎస్టీ బిల్లు కావాలంటే ధర మారుతుందంటాయి. కంపెనీకి కావాల్సింది జీఎస్టీ బిల్లు. స్టీరియోకి, అలాయ్స్‌కి బిల్లులున్నాయి, వాటిని పాలసీలో చేర్చి ప్రీమియం కట్టించుకున్నారు. ఫాగ్ ల్యాంపులకూ కెమెరాకూ బిల్లు లేదు, విలువ చేర్చలేదు, కానీ అవి బండిలో ఉన్నాయన్న సంగతి మెయిల్‌లో నమోదైంది. నాకు కావాల్సిందీ అదే. ఎల్ఈడీ బల్బుల గురించి మాత్రం “మా సిస్టమ్‌లో దీనికి ఆప్షన్ లేదు” అని జవాబొచ్చింది. ఆ జవాబును కూడా దాచి ఉంచమన్నాను. మనం చెప్పాం, వాళ్లు చదివారు, పాలసీ ఇచ్చారు, రేపు తెలియదనలేరు. బల్బులు తీసేయమని విడిగా చెప్పాను, ఎదురొచ్చేవాడి కళ్ల కోసం. తీసేశాడు.

ఫోన్‌లో కస్టమర్ కేర్‌కి చెప్పడం, ఏజెంటుకి వాట్సాప్ పెట్టడం చెప్పినట్టు కాదు. మంచి ఏజెంట్లు ఉన్నారు, ఎండార్స్‌మెంట్ చేయించి కాపీ తెచ్చి చేతికిచ్చేవాళ్లు. కానీ ఏజెంటు మారిపోతాడు, కాల్ రికార్డింగు మన చేతికి రాదు. కంపెనీ మెయిలుకే పంపాలి, ఎండార్స్‌మెంట్ కాగితం వచ్చేదాకా వెంటపడాలి. పాలసీ మధ్యలో మార్పు చేయిస్తే రెన్యువల్ దాకా ఆగనక్కర్లేదు, మిగిలిన నెలలకే ప్రీమియం తీసుకుంటారు. అన్నీ చెప్పాక కూడా క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాకా విచారిస్తారు. అక్కడ మాటల కంటే తారీఖు ఉన్న మెయిలుకి విలువ ఎక్కువ.

చెబితే కంపెనీ ‘మేం ఈ బండికి బీమా చేయం’ అంటే? అనొచ్చు. అంటే అప్పుడే తెలియడం మంచిది. ఇంకో కంపెనీని అడగడానికి, లేదా ఆ వస్తువు తీయించడానికి మన చేతిలో సమయం ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఇదంతా ఇంకా ముఖ్యం, ఎందుకంటే పాత యజమాని ఏం చేయించాడో వాళ్లకు తెలియదు. బండి చేతులు మారాక పద్నాలుగు రోజుల్లోగా బీమాను తన పేరుకి మార్చమని కొన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. థర్డ్ పార్టీ భాగం దానంతట అదే కొత్త యజమానికి వస్తుంది, మన బండి డ్యామేజీ భాగం మాత్రం కంపెనీ ఒప్పుకుంటేనే వస్తుంది. ఆ దరఖాస్తు పెట్టే ముందే నమ్మకమున్న ఎలక్ట్రీషియన్ చేత బానెట్ ఎత్తించి, టేపు చుట్టిన జాయింట్లు, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వెళ్లే వైర్లు, బల్బుల వాట్లు చూపించుకోండి. టైరు మీది సైజును ఓనర్స్ మాన్యువల్‌తో సరిచూడండి. డిక్కీలో సిలిండరు బిగించిన గుర్తులుంటే ఆర్‌సీలో ఇంధనం ఏమని ఉందో చూడండి. తేలినవన్నీ పేరు మార్పు దరఖాస్తుతో పాటే ఫొటోలు జతచేసి పంపండి.